ఎవరికీ చూపించని బొమ్మలు

నా లాప్‌టాప్‌లో ఏ ఫోల్డర్ తెరిచినా ఒక ఫైలు తగులుతుంది. పేరు ‘ఆర్‌ప్లాట్స్’, పీడీఎఫ్. ఆ పేరు నేను పెట్టింది కాదు. డేటా విశ్లేషణకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామును కిటికీలేవీ తెరవకుండా టెర్మినల్ నుంచి నడిపిస్తే, దారిలో గీసిన బొమ్మలన్నిటినీ ఆ పేరుతో ఒక ఫైల్లో పడేసి పోతుంది. తెరిస్తే పేజీలకు పేజీలు బూడిదరంగు హిస్టోగ్రాములు (ఏ అంకెలు ఎన్నిసార్లు వచ్చాయో కడ్డీలుగా చూపే బొమ్మలు), శీర్షిక లేని గ్రాఫులు, ఒకదాని మీద ఒకటి పడి మసిబారిన చుక్కలు. అవి ఎవరికీ చూపించను. చూపిస్తే నవ్వుతారు. కానీ ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను కనిపెట్టిందంటూ ఏదైనా ఉంటే, అది మొదట కనిపించింది ఆ ఫైళ్లలోనే.

ఈమధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు తన మొదటి రిపోర్టు పట్టుకొచ్చాడు. గ్రాఫు చూడముచ్చటగా ఉంది. సంస్థ రంగులు, సన్నటి గీతలు, మూలన లోగో, పైన శీర్షిక, కింద దానికో ఉపశీర్షిక. “బాగుందమ్మా, మరి దీనికి ముందు గీసినవి ఏవి?” అన్నాను. “ముందు గీసినవా? ఇదే మొదటిది మేడం” అన్నాడు. నాలుగు రోజులు పట్టిందట. అందులో మూడు రోజులు రంగులకీ, ఫాంటుకీ పోయాయి. డేటా రాగానే సగటు తీశాడు, ఆ సగట్లను కడ్డీలుగా నిలబెట్టాడు. సగటు కాకముందు ఆ అంకెలు ఎలా ఉండేవో అతను ఒక్కసారి కూడా చూడలేదు. పెళ్లిచూపులు కాకుండానే శుభలేఖలు అచ్చు వేయించినట్టుంది వ్యవహారం.

నేననేది ఇంతే. డేటా చేతికొచ్చిన మొదటి పది నిమిషాల్లో, సగటు అనే మాట నోటివెంట రాకముందే, ఇరవై వికారమైన బొమ్మలు గీయాలి. మన కళ్ల కోసం మాత్రమే గీయాలి. చూసి పారేయాలి. అందంగా గీయడం వేరే పని, అది వేరే రోజు చేసుకోవచ్చు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. సమంగా ఉడికిన కుండ అయితే చాలు. అడుగు మాడి, పైన పలుకు మిగిలిన కుండలో ఏ మెతుకు పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? సగటును నమ్ముకోవడమంటే, ప్రతి కుండా సమంగానే ఉడికిందని ముందే అనుకోవడం.

ఆర్ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు దాంతోపాటే కొన్ని డేటా సెట్లు ఊరికే వస్తాయి. వాటిలో ఒకటి నైలు నది. ఈజిప్టులో అస్వాన్ దగ్గర 1871 నుంచి 1970 వరకు, ఏడాదికి ఎంత నీరు పారిందో నూరు అంకెలు. యూనిట్ పదికోట్ల ఘనపు మీటర్లు. సగటు తీయండి, 919 వస్తుంది. బాగానే ఉంది, రిపోర్టులో రాసుకోవచ్చు. ఇప్పుడు ‘ప్లాట్(నైల్)’ అని కొట్టండి. ఎన్ మాత్రం పెద్దక్షరం, ఆర్‌కి ఆ పట్టింపు ఉంది. గీత మొదటి పాతికేళ్లకు పైగా పైన ఎగుడుదిగుడుగా నడిచి, 1898 తర్వాత మెట్టు దిగినట్టు కిందికి జారి, మిగతా కాలమంతా ఆ కిందనే తిరుగుతుంది. మెట్టుకు ముందు 28 ఏళ్ల సగటు 1098 దాకా ఉంది, తర్వాత 72 ఏళ్లది 850. మనం రాసుకున్న 919 ఈ రెంటిలో దేనికీ చెందదు. ఆ నదిని ముందు చూసినవాడికీ, తర్వాత చూసినవాడికీ కూడా తెలియని అంకె అది.

ఎందుకు జారింది? అస్వాన్‌లో బ్రిటిష్‌వాళ్లు పాత ఆనకట్ట పని మొదలుపెట్టింది దాదాపు ఆ రోజుల్లోనే. ఎగువన వానలు తగ్గడమే కారణం అన్నవాళ్లూ ఉన్నారు. కారణం బొమ్మ చెప్పదు. ‘ఇక్కడ ఏదో జరిగింది, వెళ్లి కనుక్కో’ అని మాత్రం అంటుంది. పది సెకన్ల పనికి అంతకంటే ఏం కావాలి?

ఇంకోటి అమెరికాలోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. ఎల్లోస్టోన్ పార్కులో వేడినీళ్లను ఆకాశంలోకి చిమ్మే బుగ్గ. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లిన మనవాళ్ల ఫొటోల్లో, వెనకాల తెల్లగా ఆవిరితో అది కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి చిమ్మాక మళ్లీ చిమ్మడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో 272 సార్లు రాసిపెట్టిన డేటా ఆర్‌లో ఉంది. సగటు 71 నిమిషాలు. హిస్టోగ్రామ్ గీస్తే ఒంటె వీపులా రెండు మూపురాలు లేస్తాయి, ఒకటి 55 ఇటూ అటూ, రెండోది 80 దగ్గర. 75 నుంచి 85 నిమిషాల మధ్య 109 సార్లు చిమ్మితే, 65 నుంచి 70 మధ్య చిమ్మింది 10 సార్లే. మన సగటు కూర్చున్నది సరిగ్గా ఆ లోయ గట్టు మీద. 71 నిమిషాలని లెక్కేసుకుని ఐస్‌క్రీమ్ కోసం క్యూలో నిలబడిన పెద్దాయన, అప్పటికే పావుగంట కిందట అయిపోయిన ముచ్చట గురించి జనం చెప్పుకుంటుంటే వినాల్సి వస్తుంది. లేదా ఖాళీ గుంట వైపు కెమెరా పట్టుకుని ఇంకో పది నిమిషాలు నిలబడాలి. ప్రతిసారీ ఎంతసేపు చిమ్మిందో రాసిన కాలమ్ కూడా అందులో ఉంది, ఆ రెండు కాలమ్‌లనూ కలిపి చుక్కలుగా వేస్తే కిటుకు కూడా దొరుకుతుంది: కాసేపే చిమ్మితే తొందరగా మళ్లీ చిమ్ముతుంది, ఎక్కువసేపు చిమ్మితే ఎక్కువ ఆగుతుంది.

ఆన్‌స్కోంబ్ అనే స్టాటిస్టీషియన్ 1973లో తయారుచేసిన నాలుగు డేటా సెట్ల సంగతి స్టాటిస్టిక్స్ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు కాబట్టి ఇక్కడ ఒక్క మాటతో వదిలేస్తాను. నాలుగింటికీ సగట్లు, సహసంబంధం అన్నీ ఒకటే, బొమ్మలు మాత్రం నాలుగు రకాలు. అది పాఠం కోసం కల్పించిన డేటా. నైలూ, బుగ్గా కల్పితం కాదు, అందుకే నాకవి ఎక్కువ ఇష్టం.

ఆర్ ఈ పనికోసమే పుట్టిందని నా నమ్మకం. దాని తల్లి ఎస్ అనే భాష. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ చాంబర్స్, ఆయన సహచరులు మొదలుపెట్టారు. ఆ ల్యాబ్స్‌లోనే జాన్ టూకీ అనే స్టాటిస్టీషియన్ ఉండేవాడు. అంకెలు ఎంత మేర పరుచుకున్నాయో ఒక పెట్టెగా గీసి చూపే బాక్స్ ప్లాట్ ఆయనదే. ‘ముందు డేటాని చూడండి, పరీక్షలు తర్వాత పెట్టవచ్చు’ అని ఒక తరానికి నూరిపోసిన మనిషి. కాగితం మీద పెన్సిల్‌తో అంకెలనే పేర్చి హిస్టోగ్రామ్‌లా కనిపించేట్టు చేసే ఆయన పద్ధతి ఆర్‌లో ఇప్పటికీ ఉంది. ‘స్టెమ్’ అని కొడితే బొమ్మ కిటికీ కూడా తెరుచుకోదు, కన్సోల్‌లోనే అంకెలు వరుసలు కడతాయి. 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఎస్ పోకడలోనే ఒక భాష రాసి, తమ పేర్ల మొదటి అక్షరం కలిసొచ్చేలా ఆర్ అన్నారు. గూగుల్‌లో వెతకడానికి అంతకంటే చెడ్డ పేరు దొరకదు. అది వేరే గొడవ.

ఈ భాషలో ‘ప్లాట్’ అన్న మాటకు మొహమాటం లేదు. ఏమిచ్చినా ఏదో ఒకటి గీస్తుంది. కాలక్రమం ఇస్తే గీత, రెండు కాలమ్‌లు ఇస్తే చుక్కలు. ఆరు కాలమ్‌ల పట్టిక మొత్తం ఇచ్చినా బెదరదు, ప్రతి జంటకూ అటొకటి ఇటొకటి చొప్పున ముప్పై చిన్న గళ్లు గీసి ముందు పడేస్తుంది. రంగు అడగదు, శీర్షిక అడగదు. 2020లో 4.0.0 వెర్షన్ వచ్చేదాకా హిస్టోగ్రామ్ కడ్డీలలో రంగు కూడా నింపేది కాదు, ఇప్పుడు లేత బూడిద నింపుతోంది. అలంకారం విషయంలో అంత నిదానం. గుండ్రటి రొట్టెను ముక్కలు కోసినట్టుండే ‘పై’ చార్టు గీస్తుంది కానీ, దాని సహాయపు పేజీ తెరిస్తే ‘సమాచారం చూపించడానికి ఇది చాలా చెడ్డ పద్ధతి’ అనే అర్థంలో దానికదే చెప్పుకుంటుంది. అమ్మేవాడే వద్దని చెప్పే సరుకు ఇంకెక్కడా చూడలేదు.

మరి ఎక్సెల్‌లో గీయలేమా అంటారు. గీయవచ్చు. కానీ కాలమ్ ఎంచుకో, మెనూకి వెళ్లు, రకం ఎంచుకో, వచ్చిన బొమ్మని పక్కకి జరుపు. ఒక బొమ్మకు అర నిమిషం ఎక్కువేం కాదు. ఇరవై బొమ్మలకు మాత్రం మనసొప్పదు, మూడో బొమ్మ దగ్గరే ‘ఇక చాల్లే’ అనిపిస్తుంది. బొమ్మ నాలుగు సెకన్లలో వస్తే, పెద్దగా అవసరం లేదనుకున్న ప్రశ్న కూడా అడిగేస్తాం. అసలు విషయం తరచు ఆ అనవసరపు ప్రశ్నలోనే ఉంటుంది. ఏఐని అడిగితే గీసిపెడుతుంది కదా అంటారా? గీస్తుంది. కానీ నేను దాన్ని అడగడానికి రాసే వాక్యం కమాండ్ కంటే పొడుగు. పైగా అడక్కుండానే రంగులు పూస్తుంది.

నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. జీజీప్లాట్ టూ అని ఆర్‌లో పేరున్న ప్యాకేజీ. 2007లో హ్యాడ్లీ విక్‌హామ్ తెచ్చాడు. పొరమీద పొరగా బొమ్మ కట్టే పద్ధతి, గొప్పది, నేనూ రోజూ వాడతాను. అందులో మొదటినుంచీ ‘క్యూప్లాట్’ అని ఒకటుండేది. క్యూ అంటే క్విక్. ఒక్క వాక్యంలో బొమ్మ. 2022లో 3.4.0 వెర్షన్‌తో దాన్ని పక్కన పెట్టేశారు. తీసేయలేదు కానీ, వాడితే హెచ్చరిక వస్తుంది. జనం పూర్తి పద్ధతి నేర్చుకోవాలని అట. వాళ్ల తర్కం నాకర్థమవుతుంది: పెద్ద బొమ్మలు గీయడం ఎటూ నేర్చుకోవాల్సిందే. కానీ క్విక్ అనే మాట ఉన్న ఒకే ఒక్క తలుపుకి గొళ్లెం పెట్టి, పెద్ద గుమ్మంలోంచి రమ్మంటే, కొత్తగా వచ్చేవాడు ఏం నేర్చుకుంటాడు? బొమ్మంటే తీరిగ్గా, మర్యాదగా చేయాల్సిన పని అనుకుంటాడు. మా కుర్రాడిలాగా.

అతన్ని తిట్టే అర్హత నాకుందా అంటే, లేదు. పదేళ్ల కిందట నేను చేసింది ఇంకా ఘోరం.

కృష్ణా జిల్లా సముద్రపుటొడ్డు మండలాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఇంటింటికీ తిరిగి షుగర్ వ్యాధి సర్వే చేసింది. కొన్ని వేల వరుసల డేటా నా దగ్గరికి వచ్చింది. అప్పటికే నాకు బొమ్మలు గీసే అలవాటుంది, అదీ అసలు అవమానం. వయసుకు హిస్టోగ్రామ్ వేశాను. చక్కగా, నున్నగా, కొండవాలులా వచ్చింది. సరే బాగుందనుకుని ముందుకు పోయాను. వయసువారీగా షుగర్ ఉన్నవాళ్లను లెక్కేస్తే 50 దగ్గర, 60 దగ్గర అంకెలు ఎగిరి కనిపించాయి. ‘యాభై నిండగానే ముప్పు ఒక్కసారిగా పెరుగుతోంది’ అని ఒక వాక్యం రాశాను. బోల్డ్‌లో పెట్టాను కూడా.

మీటింగుకి ఫీల్డు వాళ్లను పిలిచారు. వాళ్లలో ఒక పెద్దావిడ, ఏఎన్ఎంగా పాతికేళ్లు చేసిన మనిషి. పట్టికను కళ్లజోడు పైకెత్తి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూసింది. “మేడంగారూ, మా మండలంలో నలభై తొమ్మిదేళ్లవాళ్లకి షుగర్ రాదాండీ?” అంది. నాకర్థం కాలేదు. “కాదండీ, యాభైకి ఇంతమంది ఉన్నారు, నలభై తొమ్మిదికి ముగ్గురే రాశారు. యాభై ఒకటికీ నలుగురే. అసలు ఆ వయసు మనుషులు ఉన్నారో లేదో ముందు చూడండి” అంది.

గదిలో అందరి ముందూ ‘ప్లాట్(టేబుల్(ఏజ్))’ అని కొట్టాను. ప్రతి వయసుకీ ఒక నిలువు పుల్ల లేచి నిలబడింది. నా నున్నటి కొండ ఎటు పోయిందో. 30, 35, 40, 45, 50, 60 దగ్గర తాటిచెట్లంత పుల్లలు. మధ్యలో ఉన్నవి వాటి మొదట్లో మొలిచిన గడ్డి. పళ్లు విరిగిన దువ్వెన అది.

మొదటి హిస్టోగ్రామ్ ఎందుకు దాచిందో ఆ రాత్రి కూర్చుని చూసుకున్నాను. బిన్, అంటే ఒక్కో కడ్డీలోకి వచ్చే వయసుల మేర, ఎంత వెడల్పు ఉండాలో ఆర్ తనంతట తాను స్టర్జెస్ అనే ఆయన 1926లో ఇచ్చిన సూత్రంతో తేల్చుకుంటుంది. కొన్ని వేల వయసులకు ఆ లెక్కన ఐదేళ్లకో బిన్ పడింది. ప్రతి ఐదేళ్ల బిన్‌లోనూ సరిగ్గా ఒక గుండ్రటి అంకె. తాటిచెట్టునూ దాని చుట్టూ గడ్డినీ కలిపి ఒకే కడ్డీగా అచ్చు పోసి, చదునుగా ఇచ్చింది. అబద్ధం చెప్పలేదు పాపం. నేనే ఒక్క బొమ్మతో ఆగాను.

జనాభా లెక్కలవాళ్లకు ఇది కొత్త కాదు. 0, 5 అంకెలతో ముగిసే వయసుల దగ్గర జనం పోగుపడటం మన దేశపు జనగణనల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పోగు ఎంతుందో కొలవడానికి విప్పుల్ సూచీ అని ఒక కొలత కూడా ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లను తీసుకుని లెక్కేస్తారు. అంతా నిక్కచ్చిగా చెబితే 100, ప్రతివాళ్లూ గుండ్రటి అంకె చెబితే 500. అది నేను చదువుకున్నదే. చదువుకున్నది కంటికి కనబడితే తప్ప గుర్తురాలేదు.

అది ఎలా పుడుతుందో ఆవిడే చెప్పింది. “వయసెంతమ్మా అంటే ఏం చెబుతారండీ? ఉప్పెన వచ్చినప్పుడు చంకలో పిల్లనంటారు.” ఆ మండలాల్లో ఉప్పెన అంటే ఒక్కటే, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. “చంకలో పిల్లంటే ఏడాదో, రెండేళ్లో. మావాడు వేళ్లు మడిచి లెక్కేస్తాడు. ఓ నలభై ఉంటాయిలే రాసుకో బాబూ అంటుంది ఆవిడే. వాడు నలభై అని రాస్తాడు. ఆ పక్కింట్లోనూ అంతే.” నా పటంలో 40 దగ్గర లేచిన తాటిచెట్టు ఆ సంభాషణే, ఇంటింటికీ ఒకసారి చొప్పున.

బోల్డ్‌లో పెట్టిన వాక్యం తీసేశాను.

కాబట్టి ‘గబగబా గీస్తే తప్పుదారి పడతాం’ అని ఎవరైనా అంటే నేను కాదనను, పడ్డదాన్నే. బిన్ మారిస్తే కొండ దువ్వెన అవుతుంది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే వెయ్యి మందీ పది మందీ ఒకేలా కనిపిస్తారు. మబ్బులో ఏనుగును చూసే కళ్లు మనవి, లేని తీరును కూడా చూస్తాయి. మందు మాత్రం తక్కువ బొమ్మలు గీయడం కాదు, ఎక్కువ గీయడం. బిన్ సగం చేసి ఒకటి, పావు చేసి ఒకటి. చుక్కల్ని ‘జిటర్’తో కాస్త అటూ ఇటూ చెదరగొట్టి ఒకటి. ఏదైనా తీరు కనిపించి గుండె వేగంగా కొట్టుకుంటే, ఆ కాలమ్‌ను పేకముక్కల్లా కలిపి పంతొమ్మిది దొంగ బొమ్మలు గీసి, అసలుదాన్ని వాటి మధ్య దాచి, పక్క సీటువాళ్లను పిలిచి ‘వీటిలో తేడాగా ఉన్నదేది?’ అని అడగాలి. వాళ్లు పట్టుకోలేకపోతే మనం చూసింది ఏనుగు కాదు, మబ్బే. స్టాటిస్టిక్స్‌లో దీనికి లైనప్ అని పేరు, పోలీసులు అనుమానితుల్ని వరుసగా నిలబెట్టినట్టు. అలా నా ఏనుగులు చాలానే కరిగిపోయాయి.

తొందర బొమ్మకు ఇంకో సుఖముంది, తెలుగు రాయక్కర్లేదు. ఒకసారి రిపోర్టు కోసం అక్షాలకు తెలుగు పేర్లు పెట్టి మామూలు పీడీఎఫ్‌గా దించితే, నా అక్షరాలు పోయి వాటి స్థానంలో చుక్కలు వరుసకట్టాయి, ఒక్కో అక్షరానికి మూడేసి. దారి ఉంది, కైరో పీడీఎఫ్ వాడి, తెలుగు ఫాంటు పెట్టుకోవాలి. అందాక నా చుక్కల బొమ్మకు పేర్లూ చుక్కలే.

ఇక సర్వే మాట పూర్తిచేస్తాను. మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చి, సర్వే చేసినవాళ్లను విడివిడిగా చూపించమంది. దానికి లాటిస్ ఉంది, ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే దీపాయన్ సర్కార్ రాసిన ప్యాకేజీ. హిస్టోగ్రామ్ కమాండ్‌లో వయసు తర్వాత ఒక నిలువు గీత పెట్టి, ఆ పక్కన సర్వే చేసినవాళ్ల పేరున్న కాలమ్ రాస్తే మనిషికో గడి వస్తుంది. బిన్ ఈసారి ఏడాదికి కుదించాను. బొమ్మ కిటికీ చిన్నదిగా ఉండటంతో ముందు గళ్లన్నీ ఇరుక్కుపోయాయి. కిటికీ అంచు పట్టుకుని లాగాను. అన్ని గళ్లలోనూ దువ్వెనలే. ఒక్కదాంట్లో లేదు. ఒక కుర్రాడి గడి మాత్రం నున్నగా ఉంది.

“వీడొక్కడే బాగా చేశాడు” అన్నాన్నేను. ఆవిడ నవ్వింది. “వీడు అడగలేదండీ. కార్డులు తెమ్మని, పుట్టిన తేదీలు చూసి దించుకున్నాడు.”

నిజమే, అతని ఫైల్లో తేదీలు కూడా ఉన్నాయి. ఊరికే ఉన్నాయి కదా అని ఏడాది తీసేసి, రోజూ నెలా మాత్రం ఉంచి పుల్లలు గీశాను. 365 రోజులకూ పొట్టి పొట్టి పుల్లలు. రెండు మాత్రం పైకప్పుకి తగిలాయి. జనవరి 1, జూలై 1. జనవరి సంగతి సులువే, పుట్టిన తేదీ తెలియక ఏడాది ఒక్కటే చెప్పినవాళ్లకు అచ్చయిన తేదీ అది. జూలై దగ్గర ఆగిపోయాను. ఆ తేదీ నేను మా ఇంట్లో చూశాను, బీరువాలో, నాన్న పదో తరగతి సర్టిఫికెట్ మీద.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. “నాన్నా, నువ్వు పుట్టింది నిజంగా ఎప్పుడు?”

“నాగులచవితి ముందురోజని మీ నానమ్మ అనేది. ఇప్పుడెందుకే?”

“మరి జూలై 1 ఏమిటి?”

“బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాశారు. మా బెంచీలో నలుగురం ఉండేవాళ్లం, నలుగురం అదే రోజు పుట్టాం” అని చాలాసేపు నవ్వాడు.